తాళం మొండికేస్తే చెయ్యి సడలించండి

తాళంచెవి లేకుండా తాళం తీయడం అనగానే మనకు దొంగే గుర్తొస్తాడు. అమెరికా, ఐరోపాల్లో మాత్రం అదొక సరదా క్రీడ. క్లబ్బులున్నాయి, పోటీలున్నాయి. ఇందులో కొత్తవాళ్లు ఎక్కడ ఇరుక్కుంటారో చూస్తే, మనం మిగతా పనుల్లో ఎందుకు ముందుకు పోలేకపోతున్నామో ఇట్టే తెలిసిపోతుంది.

లైనస్ యేల్ జూనియర్ 1860ల్లో పేటెంట్ తీసుకున్న పిన్ తాళం సంగతే చూడండి. చెవి దూరే గొట్టం తిరగకుండా ఐదారు జతల పిన్నులు అడ్డం నిలబడి ఉంటాయి. సరైన చెవి పెడితే ప్రతి జతా గొట్టం అంచు దగ్గరే విడిపోతుంది. చెవి లేనివాడికి రెండు పనిముట్లు కావాలి: గొట్టాన్ని తిప్పబోతున్నట్టు నొక్కిపట్టే వంపు కమ్మీ, పిన్నులను పైకి నెట్టే సన్నటి పిక్. తయారీలో వెంట్రుకవాసి తేడాలు తప్పవు కాబట్టి పిన్నులన్నీ ఒక్కసారే బిగుసుకోవు. ముందు బిగిసినదాన్ని వెతికి నెడితే టిక్కుమంటుంది. తర్వాత ఇంకోటి బిగుస్తుంది.

అయినా తాళం రాదు. కొత్తవాడు ఏం చేస్తాడు? కమ్మీని ఇంకా గట్టిగా నొక్కుతాడు. అక్కడే బెడిసికొడుతుంది. బరువు ఎక్కువైతే పిన్నులన్నీ ఒక్కలాగే బిగుసుకున్నట్టుంటాయి; ఏది అసలు అడ్డమో వేలికి తెలియదు. బరువు సగానికి తగ్గించి, పిన్నులను ఒక్కొక్కటిగా మళ్లీ తడిమి చూడాలి. అన్నీ కుదిరినట్టే ఉండి గొట్టం కదలకపోతే, ఏదో ఒకటి అంచు దాటి పైకి పోయి ఉంటుంది. కమ్మీని మెల్లగా వదులుతూ వినాలి. ముందుగా పిన్ను పడిన చప్పుడు ఎక్కడ వినిపించిందో అక్కడ అనుమానించాలి.

మరో చిక్కుంది. కొన్ని తాళాల్లో పిన్ను నడుము సన్నగా, దారపు రీలులా ఉంటుంది. గొట్టం కాస్త తిరిగి ‘వచ్చేసింది’ అనిపించి ఆగిపోతుంది. ఆ పిన్నును నెడితే గొట్టం వెనక్కి తిరగబోతుంది. సాధించినది పోతుందని భయపడి దాన్ని ఆపినవాడు అక్కడే ఉండిపోతాడు. వెనక్కి పోనిచ్చినవాడికి తాళం వస్తుంది.

ఆల్ఫ్రెడ్ చార్లెస్ హాబ్స్ అనే అమెరికన్ 1851లో లండన్ మహా ప్రదర్శనకు వెళ్లి చేసిందీ ఇలాంటి పనే. చబ్ కంపెనీ తాళంలో ఒక ఏర్పాటుండేది: లోపలి మీటను (లివర్‌ను) ఎవరైనా మోతాదు మించి ఎత్తితే అది బిగుసుకుపోయి, దొంగచెయ్యి పడిందని యజమానికి చెప్పేది. ఆ హెచ్చరికనే హాబ్స్ ఆధారం చేసుకుని సుమారు 25 నిమిషాల్లో తాళం తీశాడు. తీసినవాళ్లకు 200 గినియాలు ఇస్తామన్న పందెంతో బ్రామా కంపెనీ దుకాణం అద్దంలో దశాబ్దాలుగా నిలిచిన తాళానికి మాత్రం 16 రోజుల్లో 51 గంటలు పట్టింది. ఆయన ఓపిక కన్నా, తప్పు జరిగిన ప్రతిసారీ దాన్నుంచి కబురు రాబట్టిన తీరే నాకు గొప్పగా తోస్తుంది.

మన గ్రూప్స్ అభ్యర్థుల్ని చూడండి. మాక్ టెస్టులో మార్కులు కదలకపోతే మరో పది టెస్టులు రాస్తారు. ఏ ప్రశ్న తప్పింది, చదవక తప్పిందా, తొందరలో తప్పిందా అని జవాబు పత్రం ముందు కూర్చునేవాళ్లు తక్కువ. కష్టపడటం లేదని వాళ్లను ఎవరూ అనలేరు. బరువే ఎక్కువైంది.

తాళం నేర్చేవాళ్లు ఇంకో పని చేస్తారు, అది అందరికీ పనికొస్తుంది. ఐదు పిన్నులతో కుదరకపోతే తాళం విప్పి, రెండే ఉంచి సాధన చేస్తారు. అది చేతికొచ్చాక మూడోది వేస్తారు. ఒకసారికి ఒక్కటే మారుస్తారు కాబట్టి లోపం ఎక్కడుందో దాగదు.

సరదా పుట్టి ప్రయత్నిస్తారేమో, ఒక్క మాట. మీ సొంత తాళం, అదీ వాడుకలో లేనిదే తీసుకోండి. గుమ్మానికున్న తాళంలో పిక్ విరిగితే ఆ రాత్రి బయటే పడుకోవాలి.