యాత్రా సన్నాహము

పుణ్యక్షేత్రమును దర్శింపవలెనను కోరిక పుట్టుట సులభము. వెంట వచ్చినవారి నందరిని సుఖముగా తీసికొనిపోయి, సుఖముగా ఇల్లు చేర్చుట అంత సులభము కాదు. కోరికకు భక్తి చాలును; నిర్వహణమునకు భక్తితోపాటు ముందుచూపు కూడ కావలెను.

కాశికి పోయినవాడు, కాటికి పోయినవాడు సమానమని పూర్వము ఒక సామెత యుండెడిది. ఆ దినములలో దూరమే ప్రయాణికునకు శత్రువు. నేడు రైళ్లు, బస్సులు ఆ దూరమును జయించినవి. కాని దాని స్థానమున జనసమ్మర్దము వచ్చి చేరినది. కావున బాలలారా! యాత్రకు బయలుదేరు కుటుంబము ఎట్లు ఆలోచింపవలెనో తిరుపతి, తిరుమల క్షేత్రములను ఉదాహరణముగా గైకొని తెలిసికొందము.

తిరుపతి శేషాచలము పాదమున వెలసిన ఆలయనగరము. నగర మధ్యమున గోవిందరాజస్వామి ఆలయము కలదు. క్రీస్తుశకము 12వ శతాబ్దిలో శ్రీ రామానుజాచార్యులవారు ఆ స్వామిని ప్రతిష్ఠింపజేసిరని సంప్రదాయము. కొండ మొదట కపిలతీర్థము, దానిచెంత శివాలయము ఉన్నవి. వర్షకాలమున అచట జలపాతము కనులపండువుగా దుముకును. సుమారు ఐదు కిలోమీటర్ల దూరమున తిరుచానూరులో పద్మావతీ దేవి ఆలయమున్నది. తిరుమల సముద్రమట్టమునకు సుమారు 2,800 అడుగుల ఎత్తున కలదు. శేషాద్రి, నీలాద్రి, గరుడాద్రి, అంజనాద్రి, వృషభాద్రి, నారాయణాద్రి, వేంకటాద్రి అనునవి ఏడుకొండలు.

ఇక నొక కుటుంబమును భావింపుడు. వారిది గోదావరీ తీరమునందలి చిన్న పట్టణము. ఆ ఇంట తాతగారు, నాయనమ్మ, తల్లిదండ్రులు, ఎనిమిదవ తరగతి చదువు బాలిక, ఆరేండ్ల తమ్ముడు ఉన్నారు. తాతగారికి ఆయాసము, నాయనమ్మకు మోకాళ్ల నొప్పి. పిల్లవానికి జ్వరము వచ్చినప్పుడు నాయనమ్మ, “స్వామీ! వీడు కోలుకొన్నచో వీనిని వెంటబెట్టుకొని కాలినడకను నీ కొండ యెక్కెదను” అని మ్రొక్కుకొన్నది. ప్రయాణపు లెక్కలు వ్రాయు పని తండ్రి బాలికకు అప్పగించెను. ఆమె ఒక నోటుపుస్తకము తీసి నాలుగు ప్రశ్నలు వ్రాసికొన్నది: ఎప్పుడు పోవలెను? ఏ దారిని పోవలెను? ఏమి తీసికొనిపోవలెను? ఎవరి శక్తి యెంత?

మొదటి ప్రశ్న కాలమును గూర్చినది. బ్రహ్మోత్సవముల యందును, వైకుంఠ ఏకాదశి నాడును జనులు వెల్లువవలె వత్తురు. 2025 జనవరి 8వ తేదీన తిరుపతిలో వైకుంఠద్వార దర్శనపు టోకెన్లకై గుమిగూడిన జనుల త్రొక్కిసలాటలో ఆరుగురు మరణించిరి. వారును మనవలెనే స్వామి దర్శనమునకై ఇల్లు వెడలినవారే. పండుగనాడు దర్శించినచో ఎక్కువ పుణ్యమని వృద్ధులను, పసివారిని అట్టి సమ్మర్దములోనికి కొనిపోవుట తగదు. వానలను గూర్చియు ఆలోచింపవలెను. తిరుపతి ప్రాంతమున అక్టోబరు మొదలు డిసెంబరు వరకు పెద్ద వర్షములు కురియును. 2021 నవంబరులో కురిసిన వర్షములకు శ్రీవారిమెట్టు మార్గము పాడై, 2022 మే వరకు మూతపడినది. ఇవి యన్నియు విచారించి బాలిక ఫిబ్రవరి మాసమును ఎన్నుకొన్నది. ప్రత్యేక ప్రవేశ దర్శనపు టికెట్లు కొన్ని మాసముల ముందుగానే విడుదల యగును. కావున తండ్రి వానిని, వసతిగదిని ముందే నిర్ణయించుకొని, ఆ తరువాతనే రైలు టికెట్లు తీసికొనెను. దర్శనపు దినము తెలియక రైలెక్కువారు పలువురు తుదకు చిక్కులపాలగుదురు.

రెండవ ప్రశ్న మార్గమును గూర్చినది. కొండపైకి రెండు నడకదారులు ఉన్నవి. అలిపిరి దారి సుమారు తొమ్మిది కిలోమీటర్లు, మెట్లు 3,550. శ్రీవారిమెట్టు దారి సుమారు రెండు కిలోమీటర్లే, మెట్లు 2,388. ఇది కురుచయైనను నిటారు. 1944వ సంవత్సరమున మొదటి ఘాటు రోడ్డు వేయబడువరకు యాత్రికులు నడచియో, డోలీలలోనో కొండ యెక్కెడివారు. 1974లో రెండవ ఘాటు రోడ్డు ఏర్పడినది. ఇప్పుడు ఎక్కుట కొక రోడ్డు, దిగుట కొక రోడ్డు వాడుచున్నారు.

అలిపిరి దారి శేషాచలపు అడవిలోనుండి పోవును. 2023 ఆగస్టులో ఆ దారిలో తల్లిదండ్రులతో నడచుచున్న ఆరేండ్ల బాలికను చిరుతపులి పొట్టన బెట్టుకొన్నది. అటుపిమ్మట పిల్లలతో నడచు వేళలపై నియమములు విధింపబడినవి. ఈ సంగతి చదివి తల్లి భయపడి, “పిల్లవానిని నడిపింపవద్దు” అన్నది. బాలిక ఆలోచించి, “అమ్మా! తెల్లవారిన పిమ్మట బయలుదేరి, పదిమందితో కలిసి నడచి, మధ్యాహ్నమునకు ముందే పైకి చేరుదము. తమ్ముని చేయి నాన్నగారు విడువరాదు. వాడు ముందు పరుగెత్తరాదు. ఆనాటి నియమములను అలిపిరిలో అడిగి తెలిసికొన్న పిమ్మటనే మొదటి మెట్టు ఎక్కుదము” అని బదులు చెప్పెను. భయము మనలను ఇంట కూర్చుండబెట్టుటకు కాదు, జాగ్రత్త నేర్పుటకు కావలెను.

మూడవ ప్రశ్న సామాను. కొండపై ప్లాస్టిక్ సంచులు, సీసాలు నిషిద్ధములు. కావున గుడ్డసంచులు, స్టీలు చెంబులు కట్టుకొనిరి. తాతగారి మందులు ఆయన చేతిసంచిలోనే యుంచిరి, పెద్దసామానుతో కలుపలేదు. ప్రతివారి గుర్తింపుకార్డును తీసికొనిరి. తమ్ముని చొక్కా జేబులో తండ్రి పేరు, ఫోను నంబరు వ్రాసిన చీటి పెట్టిరి. నడచువారి సామాను అలిపిరిలో అప్పగించినచో ఉచితముగా కొండపైకి చేర్చుదురు. అన్నమునకు దిగులు లేదు; 1985 నుండి తిరుమలలో నిత్యాన్నదానము జరుగుచున్నది. అచట వడ్డించినది పారవేయకుండ తినుటయే మన కర్తవ్యము.

నాలుగవ ప్రశ్నయే కష్టమైనది. తాతగారు బస్సునకు వెంటనే ఒప్పుకొనిరి. నాయనమ్మ మాత్రము, “మ్రొక్కు మ్రొక్కే. ప్రాణము పోయినను మెట్లెక్కెదను” అని పట్టుపట్టెను. బాలిక ఎదురు చెప్పలేదు. “నాయనమ్మా! మన గుట్టమీది గుడికి నూరు మెట్లు ఉన్నవి గదా! రోజును ఎక్కి అలవాటు చేసికొందము, రమ్ము” అని మెల్లగా పిలిచెను. మొదటి దినమున అరువదవ మెట్టుపై ఆమె చతికిలబడెను. వారము గడచినను డెబ్బదియవ మెట్టు దాటలేదు. అప్పుడామె తనంతట తానే మనుమరాలి భుజముపై చేయి వేసి, “తల్లీ! మూడువేల యైదువందల మెట్లు నావలన కావు. నేను నడుమ కూలబడినచో మీ అందరి యాత్ర చెడును. కాని స్వామికిచ్చిన మాట ఏమగును?” అని కన్నీరు పెట్టుకొనెను.

బాలికకు వెంటనే జవాబు తోచలేదు. రాత్రి తాతగారితో మాటలాడి మరునాడు ఇట్లనెను: “అలిపిరిలో పాదాల మండపమున నీవు పూజచేసి, మొదటి మెట్టుకు పసుపు కుంకుమ పెట్టుము. తమ్ముని చేయి నా చేతిలో పెట్టుము. మిగిలిన మెట్లు నేను ఎక్కెదను.” నాయనమ్మ చాలసేపు మాటలాడలేదు. పిమ్మట, “మంచిది. నా మ్రొక్కు నీ కాళ్లతో తీరుగాక” అన్నది. మ్రొక్కును మన్నించుట వేరు, మూర్ఖముగా దేహమును హింసించుట వేరు. ఈ భేదమును వాదించి చెప్పినచో ఆమె నొచ్చుకొనెడిది. గుట్టమీది మెట్లు నొప్పింపకయే తెలిపినవి.

అటుపిమ్మట మూడు దినముల పట్టిక సిద్ధమయ్యెను. మొదటి దినము తిరుపతిలో విశ్రాంతి, గోవిందరాజస్వామి దర్శనము, సాయంకాలము కపిలతీర్థము. రెండవ దినము ఉదయము ముగ్గురు నడకను, ముగ్గురు బస్సులోను తిరుమలకు పోవుట. పుష్కరిణి గట్టున వరాహస్వామిని ముందు దర్శించి, ఆచారము ననుసరించి తరువాత వేంకటేశ్వరుని దర్శించుట. మూడవ దినము శిలాతోరణము, తిరుచానూరు, రాత్రి రైలు. పట్టికలో విశ్రాంతికి ఖాళీ గంటలు కూడ ఉంచబడినవి. ఖాళీ లేని పట్టిక మొదటి ఆలస్యమునకే తారుమారగును.

చూడవలసిన వానిని బాలిక వేరొక పుటలో వ్రాసికొన్నది. శ్రీకృష్ణదేవరాయలు 1513 మొదలుకొని పలుమారులు తిరుమలకు వచ్చెను. ఆయనయు, ఇరువురు దేవేరులును చేతులు జోడించి నిలిచిన లోహవిగ్రహములు ఆలయమున నున్నవి. తాళ్లపాక అన్నమాచార్యుల సంకీర్తనలు చెక్కిన రాగిరేకులు దొరికినది ఆ ఆలయముననే. ఘాటు రోడ్డు ప్రక్కన అడుగున గ్రానైటు జాతి శిల, దానిపై క్వార్ట్జైటు శిల కనబడు చోటొకటి కలదు. ఆ రెంటి వయస్సుల నడుమ సుమారు 80 కోట్ల సంవత్సరముల ఎడమున్నదని భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుదురు. భక్తునకు కొండ దైవము. విద్యార్థికి అది తెరచిన పుస్తకము కూడ.

బాలలారా! మీ యింటివారు యాత్రకు పోవునప్పుడు సన్నాహమున మీరును పాలుగొనుడు. ముసలివారి నడకను, పసివారి ఆకలిని లెక్కలో వేయుడు. వరుసలో ఒకరిని త్రోయకుడు. దారిలో కాగితమైనను పారవేయకుడు. అందరికంటె ముందు దర్శనము చేసికొనుట గొప్ప కాదు. అందరికంటె బలహీనుడైనవానిని చేయిపట్టి సన్నిధికి తెచ్చి, మరల క్షేమముగా ఇల్లు చేర్చినవాని యాత్రయే సఫలము.