డిస్ట్రోఫిన్: కండర కణానికి కాపుకాసే ప్రోటీన్

మనం మెట్లెక్కినా, కూర్చుని లేచినా కండరాలు ముడుచుకుని మళ్లీ సాగుతాయి. ఆ ఒత్తిడికి కండర కణం పైపొర చిరగకుండా కాపాడేది డిస్ట్రోఫిన్ అనే ప్రోటీన్. దీని ఒక కొన కణం లోపలి యాక్టిన్ పోగులను పట్టుకుంటుంది. రెండో కొన పైపొరలోని ప్రోటీన్లకు అతుక్కుంటుంది. అవి కణం వెలుపలి అల్లికతో ముడిపడి ఉంటాయి. అందుకే బలమంతా పలుచని పొర మీదే పడదు.

1987లో అమెరికాలో లూయీ కుంకెల్ బృందం ఈ ప్రోటీన్‌ను గుర్తించింది. దీని జన్యువు ఎక్స్ క్రోమోజోమ్‌పై ఉంటుంది. అందులో 79 ఎక్సాన్లున్నాయి. మగపిల్లలకు ఒకే ఎక్స్ క్రోమోజోమ్ ఉంటుంది కాబట్టి ఈ జన్యువు దెబ్బతింటే ఆదుకునే రెండో ప్రతి ఉండదు. డిస్ట్రోఫిన్ దాదాపుగా లేకపోతే వచ్చే వ్యాధి డుషెన్ కండర క్షీణత. పొర చిరుగుల గుండా కాల్షియం చొరబడి కణాలు నశిస్తాయి; వాటి చోట కొవ్వు, పీచు కణజాలం పేరుకుంటాయి.

అయితే మధ్యభాగం కొంత లోపించినా రెండు కొనలూ పనిచేస్తే వ్యాధి తీవ్రత తగ్గుతుంది. దీన్నే బెకర్ కండర క్షీణత అంటారు. పొట్టి డిస్ట్రోఫిన్‌ను తయారుచేయించే జన్యు చికిత్సలకు ఈ పరిశీలనే ఆధారం.

బాబు తరచూ పడిపోతున్నా, తొడలపై చేతులు ఆన్చి లేస్తున్నా, పిక్కలు లావెక్కినా వైద్యునికి చూపించాలి. క్రియాటిన్ కైనేజ్ రక్తపరీక్ష తొలి ఆధారాన్నిస్తుంది; జన్యు పరీక్ష వ్యాధిని నిర్ధారిస్తుంది.