ఉసిళ్ళను వాన పుట్టిస్తుందా?

జీవులలో జరిగే పనులను అంతర కారకాలు, బాహ్య కారకాలు రెండూ కలిసి నడిపిస్తాయని మనం సైన్సులో చదివాము. ఉదాహరణ అడిగితే అందరం కిటికీ దగ్గర పెట్టిన మొక్క వెలుతురు దిక్కుకు వంగడమే రాస్తాము. మన పుత్తూరు దిక్కున ఏటా కండ్ల ముందే కనపడే ఉదాహరణ ఇంకొకటి ఉంది. అవే ఉసిళ్ళు.

తొలకరి వాన వెలిసిన సాయంత్రం వేలకు వేలు లేస్తాయి. వాన పడితేనే వస్తాయి కాబట్టి వానే వాటిని పుట్టిస్తుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఉసిళ్ళు వేరే పురుగులు కావు, పుట్టలోని చెదలే. (చెదలను తెల్ల చీమలు అంటాము గానీ, వాటికి చుట్టరికం చీమలతో కాదు, బొద్దింకలతో!) ఒకే రాణి పెట్టిన గుడ్ల నుంచే కూలి చెదలు, కాపలా చెదలు, రెక్కల చెదలు వస్తాయి. ఏ పిల్ల ఏదవుతుందో తేల్చడంలో దాని ఒంట్లోని జువెనైల్ హార్మోనుకు పెద్ద పాత్ర ఉంది. రెక్కలు ఒక్క రోజులో రావు. పిల్ల పురుగు చాలాసార్లు కుబుసం విడుస్తుంది, వీపు మీద రెక్క మొగ్గలు కొంచెం కొంచెంగా పెరుగుతాయి. కూలి చెదలకు కండ్లు ఉండవు, వీటికి కండ్లు కూడా వస్తాయి. ఇదంతా వానకు ముందే, పుట్ట లోపల చీకట్లో అయిపోతుంది. తర్వాత అవి ఊరికే కాచుకొని ఉంటాయి.

మరి వానతో పనేమి? వాటి ఒళ్ళు మెత్తన, ఎండు గాలికి తట్టుకోలేవు. నేల మీద వాలినాక రెక్కలు రాల్చేసి, ఆడది మగది జతకూడి, మట్టి తవ్వి కొత్త పుట్ట మొదలుపెట్టాల. ఎండు నేలను తవ్వలేవు. పైగా అన్ని పుట్టలవీ ఒకే సాయంత్రం లేస్తేనే ఒక పుట్టలోని ఆడది ఇంకో పుట్టలోని మగదాన్ని కలుసుకోగలదు. వాన అన్ని పుట్టలకూ ఒకేసారి కొట్టే బెల్లు లాంటిది.

మా అవ్వ కారకం అనే మాటే వినలేదు. కానీ ఈ పాఠం ఆమెకు బాగా తెలుసు. మా యానాది ఇండ్లల్లో ఉసిళ్ళు పట్టి, వేయించి, బొరుగుల్లో కలుపుకొని తింటాము. అవ్వ మబ్బును ఒక్కదాన్నే చూడదు, పుట్టను కూడా చూస్తుంది. కూలి చెదలు కొత్త కన్నాలు తెరిచి, అక్కడ తల లావు కాపలా చెదలు నిలబడి ఉంటే "ఈ పొద్దు లేస్తాయి" అంటుంది. కన్నాలు లేకపోతే "ఎన్ని నీళ్ళు పోసినా రావు మే, ఇంకా రెక్కలు ముదరలేదు" అంటుంది. ఈ జవాబుకు పరీక్షలో పూర్తి మార్కులు వేయాల్సిందే.

మామిడి కూడా ఇంతే. మన తోతాపురి తోటల్లో పూత రావాలంటే చలి రాత్రులు కావాల. కానీ ఒకే తోటలో, ఒకే చలిలో ఒక చెట్టు పూస్తుంది, పక్క చెట్టు పూయదు. పోయిన ఏడు విరగకాసి అలిసిన చెట్టుకు, లేత కొమ్మలే ఉన్న చెట్టుకు చలి వచ్చినా పూత సరిగా రాదు.

వార్డెన్ మేడం గారికి ఒక మనవి. వాన వెలిసిన సాయంత్రం అన్నం బెల్లుకు ముందు వరండా లైటు ఒక అరగంట ఆపించండి. వెలుతురు కూడా బాహ్య కారకమే, దానికోసమే అవి వచ్చి మన పళ్ళేల్లో పడతాయి.