దర్భ, కుశ, రెల్లు: వీనిని గుర్తించు విధము

కర్నూలు, కడప జిల్లాలలోని రేగడి చేలయందును, కుందేరు, పెన్నేరుల యొడ్లను, వంకల ప్రక్కలను విత్తకయే ఏండ్లతరబడి నిలుచు మొండిగడ్డులలో మూడు ముఖ్యమైనవి. వీనిలో రెండింటిని జనులు దర్భ యనియే పిలుతురు, మూడవది రెల్లు. పేరొక్కటైనందున తీయు విధమును ఒక్కటే యని యెంచినచో కూలి యంతయు వ్యర్థమగును. కావున గడ్డపార పట్టుటకు ముందు గడ్డిని గుర్తింపవలెను.

గురుతులు

1. దర్భ (ఇంపెరాటా సిలిండ్రికా): ఒకటి మొదలు నాలుగడుగుల యెత్తు పెరుగును. ఆకునందలి తెల్లని యీనె సరిగా నడుమ నుండక యొక ప్రక్కకు ఒదిగి యుండును. వెన్ను జానెడు; తెల్లని దూదివత్తివలె ఒత్తుగా నుండును. త్రవ్విన సూదిమొన గల తెల్లని కాడలు కనబడును.

2. కుశ (డెస్మోస్టాకియా బైపిన్నేటా): బిరుసైన దుబ్బు. ఆకుల యంచు ఱంపమువలె వ్రేలిని కోయును. వెన్ను సన్నము, గోధుమవన్నె, దూది యుండదు. భూమిలోని కాడలు లావుగా, మెఱయు పొలుసులతో నుండి మిక్కిలి లోతునకు దిగును. చవుటినేలను సైతము ఓర్చును.

3. రెల్లు (సక్కారమ్ స్పాంటేనియమ్): మనిషి యెత్తునకు మించి పెరుగును, చెఱకువలె గణుపుల కఱ్ఱ గలది. వెన్ను తెల్లనిదే గాని పొడవైనది, కొమ్మలు విడివడి యుండును. ముదిరిన వెన్నును నలిపినచో రెమ్మలు గణుపు గణుపునకు విఱుగును. దర్భవెన్ను అట్లు విఱుగదు.

నివారణ

దర్భ కాడలలో పెక్కు భాగము జానెడు లోతులోనే యుండును. వేసవిలో మడకతో లోతుగా దున్ని, కాడలను ఎండకు తేల్చి, ఏరి, చేని వెలుపల కాల్చవలెను. చేనిలో నిలిచిన గడ్డికి నిప్పు పెట్టరాదు. కాడలు భూమిలో చెడక, మరల త్వరగా చిగిర్చి పూచును. పదునులో గుంటక త్రోలినచో తెగిన ముక్కలు చేనంతట మొలచును. గుంటకకు చుట్టుకొన్న కాడలను తీయక వేఱొక చేనికి కొనిపోరాదు. దర్భ నీడకు ఓర్వదు గనుక తరువాత జొన్న గాని ఉలవ గాని దట్టముగా వేయుట మేలు.

కుశ మడకకు లొంగదు. దుబ్బు చిన్నదిగా నున్నప్పుడే గడ్డపారతో కాడ తుదివరకు త్రవ్వి తీయవలెను. మిగిలినది మొలచినప్పుడెల్ల విడువక తీయుచుండవలెను.

రెల్లు చేనిలో నున్నచో దుబ్బును వేళ్లతో పెకలింపవలెను. వంకయొడ్డున నున్నదానిని తీయరాదు. అది మన్ను కోతను ఆపును, కొట్టముల కప్పునకు పనికివచ్చును. ఇది చెఱకునకు జ్ఞాతి. కోయంబత్తూరు చెఱకు పరిశోధనాలయమువారు దీనిని చెఱకుతో సంకరము చేసియే 1918లో కో 205 అను రకమును వెలువరించిరి.

చేనిలో తెల్లని వెన్ను కనబడగానే కూలీలను పిలువరాదు. మొదట ఒక దుబ్బును త్రవ్వి, కాడ రంగును లోతును చూచి, పిమ్మట పని నిర్ణయించుకొనవలెను.