సైకియాట్రీ పోస్టింగుకు వెళ్తున్న మా చిన్నికి

సోమవారం నుంచి నీకు సైకియాట్రీ పోస్టింగు అని, మందుల పేర్లు ఒక్కటీ తలకెక్కడం లేదని అన్నయ్య ఫోన్లో చెప్పాడు. వార్డంటే భయమని వదినతో అన్నావట. ఆ భయం రెండో రోజుకి పోతుందిలే. మందుల సంగతే నీకు కాస్త వివరంగా రాయాలనిపించింది.

పేర్లు బట్టీ పట్టకు. ఏ మందు వేసుకున్న మనిషి ఎలా కనిపిస్తాడో గుర్తుపెట్టుకో. వేరే వార్డుల్లో బీపీ మిషనూ ఈసీజీయూ చాలా సంగతులు చెప్పేస్తాయి. ఇక్కడ మాత్రం నీ కళ్ళూ చెవులే చెప్పాలి.

నేను ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, ఒక డిగ్రీ చదివే కుర్రాడికి సెరినేస్ (హాలోపెరిడాల్) మొదలుపెట్టారు. నాలుగో రాత్రి వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతూనే ఉన్నాడు. కూర్చోబెడితే లేచిపోతాడు. "సిస్టర్, కాళ్ళు నన్ను నిలవనివ్వట్లేదు" అన్నాడు. నేను కేస్ షీటులో "అలజడిగా ఉన్నాడు" అని రాశాను. అది చూసి డ్యూటీ డాక్టరు ఇంకో డోసు రాస్తే నా చేత్తోనే ఇంజెక్షను చేశాను. తెల్లారేసరికి ఆ పిల్లాడి అవస్థ రెట్టింపైంది. పొద్దున డ్యూటీకొచ్చిన పెద్ద సిస్టర్ చూడగానే పట్టేశారు. అది మందు తెచ్చిన అకతీసియా. డోసు తగ్గించి ప్రొప్రనలాల్ ఇచ్చాక నెమ్మదించాడు. అతను అన్న మాట అన్నట్టుగా రాసి ఉంటే డాక్టరుకి అర్థమయ్యేది. ఇన్నేళ్ళైనా ఆ రాత్రి నన్ను వదల్లేదు. నువ్వు మాత్రం పేషెంటు మాటను పేషెంటు మాటల్లోనే రాయి.

ఆ సెరినేస్ తోనే మెడ ఒక పక్కకు మెలితిరగొచ్చు, కనుగుడ్లు పైకెళ్ళి నిలిచిపోవచ్చు. ఇంట్లోవాళ్ళు పూనకం అనుకుంటారు. అది డిస్టోనియా. ఫెనర్గాన్ ఇంజెక్షను చేస్తే చాలాసార్లు కాసేపట్లోనే విడుతుంది. కానీ ఒళ్ళు కర్రలా బిగిసి, జ్వరం ఎక్కువై, చెమటలు పోసి, మనిషి తెలివి తప్పుతున్నాడంటే ఎన్‌ఎంఎస్ (న్యూరోలెప్టిక్ మాలిగ్నెంట్ సిండ్రోమ్) అని అనుమానించు. తర్వాతి డోసు ఇవ్వకుండా వెంటనే డాక్టర్ని పిలువు. ప్రాణం పోయే స్థితి అది.

లిథియం గురించి మన ఎండల్లో పనిచేసే నర్సుకి మరీ బాగా తెలియాలి. ఒక మే నెలలో లిథియం వాడుతున్న ఒకావిడను ఎండదెబ్బ అనుకుని తీసుకొచ్చారు. వాంతులు, విరేచనాలు, చేతుల వణుకు, మాట ముద్ద, నడిస్తే తూలడం. బీపీ వస్తుందని ఎవరో చెబితే నెల్లాళ్ళుగా ఉప్పు మానేసిందట. ఒంట్లో సోడియం తగ్గితే కిడ్నీలు లిథియాన్ని బయటికి పోనివ్వవు. రక్తంలో 0.6 నుంచి 1.2 మధ్య ఉండాల్సింది 1.5 దాటితే విషమే. చివరి డోసు వేసుకున్న 12 గంటలకు తీసిన రక్తంతోనే ఆ లెక్క సరిగ్గా తెలుస్తుంది. డిశ్చార్జి రోజు కాగితం చేతిలో పెట్టి పంపించెయ్యకు. ఉప్పు హఠాత్తుగా తగ్గించొద్దని, నీళ్ళు బాగా తాగమని, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు సొంతంగా వేసుకోవద్దని ఇంట్లో వంట చేసే మనిషికి కూడా చెప్పు.

క్లోజపీన్ వాడేవాళ్ళకి గొంతునొప్పో జ్వరమో వస్తే తెల్లకణాలు చూడాలి. విరేచనం అవుతోందా అని రోజూ అడుగు, సిగ్గుపడకు. పేగు కదలిక ఆగిపోయి చనిపోయినవాళ్ళు కూడా ఉన్నారు.

డిప్రెషన్ మాత్రలు పనిచెయ్యడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ముందు ఒంట్లో ఓపిక వస్తుంది, మనసులో దిగులు ఆలస్యంగా పోతుంది. ఆ మధ్య రోజుల్లోనే, అందులోనూ పాతికేళ్ళ లోపు వాళ్ళని, కనిపెట్టుకుని ఉండాలి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని తిన్నగా అడుగు. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు.

ఇక ఈ మందుల చరిత్ర కొంచెం. 1952లో ప్యారిస్‌లో దెలే, దెనికర్ అనే డాక్టర్లు క్లోర్‌ప్రొమజీన్‌ను మానసిక రోగులకు ఇచ్చి చూశారు. అదే ఏడు అమెరికాలో హిల్డెగార్డ్ పెప్లా నర్సుకీ రోగికీ మధ్య సంబంధం మీద రాసిన పుస్తకం అచ్చయింది. మీ పుస్తకాల్లో ఇవి వేర్వేరు చాప్టర్లు. నన్నడిగితే రెండూ కలిపే చదవాలి. మందు వచ్చి యాభై ఏళ్ళు కావస్తున్నా, 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో గొలుసులతో కట్టేసి ఉంచిన మానసిక రోగులు మంటల్లో చిక్కుకుని 28 మంది చనిపోయారు. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. గొలుసులు వెయ్యకూడదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. మత్తుమందు ఇవ్వకుండా షాక్ ట్రీట్‌మెంట్ చెయ్యకూడదనీ చెబుతోంది. ఆ చట్టం ఒకసారి చదువుకో.

సోమవారం మందుల ట్రే పట్టుకునే ముందు ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి, రాత్రి నిద్ర పట్టిందా అని అడుగు తల్లీ.

నీ మేనత్త