వెలిసిన బండి రంగుకు మళ్లీ మెరుపు



మన ఊళ్లలో పాత చేతక్ స్కూటర్లు, ట్రాక్టర్లు, అంబాసిడర్ కార్లు ఇంకా అక్కడక్కడా కనిపిస్తాయి. ఇంజను బాగానే ఉంటుంది కానీ పై రంగు సున్నం చల్లినట్టు తెల్లబారి ఉంటుంది. చేత్తో రుద్దితే పొడి అంటుకుంటుంది. చూసినవారు "ఇక రంగు వేయించాల్సిందే" అంటారు. రంగు వేయించడం అంటే వేలల్లో ఖర్చు. బండి మీదే ఇల్లు గడిచే కుటుంబానికి అది షెడ్డులో ఉన్నన్ని రోజులూ కూలి పోయినట్టే. కానీ చాలాసార్లు పాడయ్యేది పై పొర మాత్రమే. దానికి మెరుపు ఎలా తేవాలో, ఎందుకు వస్తుందో ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

రంగుల్లో రెండు రకాలు

1980ల నుంచి కార్లకు రంగు పొర మీద పారదర్శకమైన క్లియర్ కోట్ వేయడం పెరిగింది. వాటిలో మెరుపునిచ్చేది ఆ పై పొరే. అంతకుముందు వాహనాల్లో రంగు, మెరుపు రెండూ ఒకే పొరలో ఉండేవి. ఎనామిల్, షెడ్లలో డ్యూకో అనే లాకర్ రంగులు ఈ కోవకు చెందినవి. 1972లో మొదలైన చేతక్, 2014లో తయారీ ఆగిపోయిన అంబాసిడర్‌ల పాత బండ్లలో ఇవి ఎక్కువ. ఈ పాఠం అలాంటి రంగులకే.

ఏది ఏ రకమో తెలియాలంటే తెల్లని గుడ్డకు కొంచెం పాలిష్ అద్ది ఒక మూల రుద్దాలి. గుడ్డకు బండి రంగు అంటితే క్లియర్ కోట్ లేనట్టే. బండి తెల్లదైతే నల్ల గుడ్డ వాడాలి.

ఎందుకు వెలుస్తుంది?

రంగులో ముఖ్యంగా రెండు ఉంటాయి: రంగునిచ్చే వర్ణకపు రేణువులు, వాటిని పట్టి ఉంచే రెజిన్. ఎండలోని అతినీలలోహిత కిరణాలు, గాలిలోని ఆక్సిజన్, తేమ కలిసి ఏళ్ల తరబడి రెజిన్‌ను విడగొడతాయి. పట్టు వదిలిన రేణువులే మన చేతికి అంటే పొడి. ఉపరితలం గరుకవుతుంది. నునుపైన తలం మీద క్రమ పరావర్తనం జరిగి అద్దంలా మెరుస్తుందని, గరుకు తలం మీద కాంతి నలుదిక్కులకు చెదురుతుందని మనం హైస్కూల్లో చదువుకున్నదే.

దీన్ని నీళ్లతో పరీక్షించవచ్చు. వెలిసిన చోట నీళ్లు చల్లితే అసలు రంగు ఒక్కసారిగా కనిపిస్తుంది. గాలి వక్రీభవన గుణకం 1, నీటిది 1.33, రెజిన్‌ది సుమారు 1.5. నీరు గుంటలను నింపడం వల్ల కాంతి చెదరడం తగ్గుతుంది. తడిపితే నిండు రంగు కనిపించిందంటే కింద మంచి పొర మిగిలి ఉందని ఆశ పెట్టుకోవచ్చు.

కొందరు డీజిల్, కిరోసిన్ గుడ్డతో తుడుస్తారు. అప్పటికి మెరవడానికి కారణం కూడా ఇదే. గుంటలు నిండాయి కానీ పాడైన పొర పోలేదు. పైగా ఆ జిడ్డుకు దుమ్ము పడుతుంది.

పని విధానం

1. నీడలో, రేకు చల్లగా ఉన్నప్పుడు షాంపూ నీళ్లతో కడిగి ఆరనివ్వాలి. ఇసుక రేణువు మిగిలితే గీతలు పడతాయి.
2. రంగు బాగా ఎండిపోయి ఉంటే నూనె పాలు ఎక్కువున్న పాలిష్‌ను మందంగా పట్టించి ఒక రాత్రి వదిలి, మర్నాడు తుడవాలి. రంగు కొంత తేరుకుంటుంది, తర్వాత రుద్దే పని తగ్గుతుంది.
3. ముందు జానెడు చోట పరీక్షించి, తర్వాత ఒక్కో అడుగు మేర రబ్బింగ్ కాంపౌండ్‌ను తడిగుడ్డతో తేలికగా రుద్దాలి. గుడ్డను తరచూ మార్చాలి.
4. అంచుల దగ్గర రంగు పలుచగా ఉంటుంది. అక్కడ మాస్కింగ్ టేపు అంటించాలి.
5. నునుపు రాగానే ఆపి, సన్నరకం పాలిష్‌తో కాంపౌండ్ గీతలు పోగొట్టాలి.
6. చివరగా వ్యాక్స్ పలుచగా పూసి తుడవాలి. నీరు జారిపోకుండా పరుచుకోవడం మొదలైతే వ్యాక్స్ అరిగినట్టు. అప్పుడు మళ్లీ పూయాలి.

జాగ్రత్తలు

మొత్తం రంగు మందం సాధారణంగా 100 మైక్రాన్ల చుట్టుపక్కల ఉంటుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. రుద్దిన ప్రతిసారీ అందులో కొంత పోతుంది, తిరిగి రాదు. కనుక కాంపౌండ్ అరుదుగా, వ్యాక్స్ తరచుగా వాడాలి. పగుళ్లు, తుప్పు బుడగలు ఉన్నా, కింద ప్రైమర్ బయటపడినా ఈ పద్ధతి పనిచేయదు.

ఇంకొక ముఖ్య విషయం. పాత పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో సీసం ఉండవచ్చు. ఇళ్ల రంగుల్లో సీసాన్ని 90 పీపీఎంకు పరిమితం చేస్తూ 2016లో నిబంధనలు వచ్చాయి. కానీ పాత బండ్ల మీద అప్పటికే ఉన్న రంగు మారదు కదా! అందుకే పొడిగా గీకకూడదు, తడిగానే రుద్దాలి. చేతులకు గ్లౌజులు, ముక్కుకు మాస్కు ఉండాలి. పని అయ్యాక చేతులు కడుక్కోకుండా అన్నం ముట్టకూడదు. వాడిన గుడ్డలు పిల్లలకు అందనివ్వకూడదు.

సెలవుల్లో షెడ్లకు పనికి వెళ్లే తమ్ముళ్లు మనలో ఉన్నారు. పది తప్పి అక్కడే ఉండిపోయిన స్నేహితులూ ఉన్నారు. వాళ్ల చేతుల్లో ఉన్న పనికి, మన పుస్తకాల్లో ఉన్న పాఠానికి మధ్య దూరం లేదు. ఎంత రుద్దాలో వాళ్లకు తెలుసు. ఎందుకో, ఏది ప్రమాదమో మనం చదువుకున్నాం. ఈసారి ఊరికి వెళ్లినప్పుడు వాళ్ల దగ్గర పని నేర్చుకుందాం, సీసం సంగతి వాళ్లకు చెబుదాం.