చెమటకు వాసన లేదు!

మన హాస్టల్లో ఎవరినన్నా ఏడిపించాలంటే "చెమట కంపు" అంటారు. కానీ అసలు చెమటకు వాసనే లేదు. సైన్సు టీచరుగారిని అడిగి తెలుసుకొని రాస్తున్నాను.

మన చర్మంలో 20 నుంచి 40 లక్షల దాకా స్వేద గ్రంథులు ఉంటాయి. ఒక్కొక్కటి ఉండ చుట్టిన సన్న గొట్టం. దాని పైకొస చర్మం మీద చిన్న రంధ్రంగా తెరుచుకుంటుంది. అరచేతుల్లో, అరికాళ్ళలో ఎక్కువ. పరీక్షప్పుడు పేపరు తడిసేది అందుకే! చెమటలో 99 శాతం నీళ్ళే, మిగతాది ఉప్పు, కొంచెం యూరియా.

మట్టికుండను చూడండి. ఒళ్ళంతా చెమరుస్తుంది. ఆ తడి ఆరేటప్పుడు వేడిని తీసుకొని పోతుంది, లోపల నీళ్ళు చల్లబడతాయి. మన ఒళ్ళూ అంతే. ఒక గ్రాము చెమట ఆవిరైతే సుమారు 580 కేలరీల వేడి పోతుంది. కర్నూలు ఎండ 43 డిగ్రీలున్నా మన లోపల 37 దగ్గరే ఉండేది దీనివల్లనే. కుక్కకు ఈ వసతి లేదు, నాలుక చాపి ఒగరుస్తుంది.

మా నాయన ఎండాకాలంలో నల్లమలలో బంక తీయడానికి పోతాడు. చొక్కా ఆరితే తెల్లచారలు పడతాయి, అది ఉప్పు. మా అవ్వ గంజిలో ఉప్పేసి తాగించి పంపుతుంది. బడికి పోలేదు గానీ ఆమె లెక్క సరిగ్గానే ఉంది. 2015 మే నెలలో మన రాష్ట్రంలో వడదెబ్బకు వెయ్యిమందికి పైగా చనిపోయారు. ఎండలో ఉన్న మనిషికి ఒళ్ళు కాలిపోతూ మాట తడబడితే వెంటనే నీడకు చేర్చి, ఒళ్ళంతా తడిపి విసరాలి, 108కి ఫోన్ చేయాలి. స్పృహ తప్పితే నోట్లో నీళ్ళు పోయకూడదు.

మరి వాసన ఎక్కడిది? చంకల్లో, గజ్జల్లో వేరేరకం గ్రంథులున్నాయి. అవి మన వయసులోనే పని మొదలుపెడతాయి. వాటి చెమట చిక్కన. చర్మం మీది బాక్టీరియా దాన్ని మార్చితే వాసన వస్తుంది. అంటే పిల్ల పెద్దదవుతోందని అర్థం. పోయిన నెల ఎనిమిదో తరగతి పాప పక్కన ఎవరూ పండుకోలేదు. ఆ పాప రెండు రాత్రులు ఏడ్చింది.

చెమట గొట్టాల నోరు మూసుకుపోతే చెమటకాయలు లేస్తాయి. పౌడరు దట్టంగా పూస్తే ఇంకా మూసుకుంటాయి. చన్నీళ్ళు, వదులు నూలుబట్టలు, గాలి చాలు. గోకితే చీము పడుతుంది.

తామర వేరు. అది బూజుజాతి. లంగాబొందు కట్టేచోట, తడి ఆరనిచోట గుండ్రంగా పెరుగుతుంది. ఒకరి టవలు ఇంకొకరు వాడితే అంటుకుంటుంది. షాపులో అడిగి తెచ్చే కొన్ని ట్యూబుల్లో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. దురద తగ్గినట్టే తగ్గి, మళ్ళీ ఇంకా పెద్దగా వస్తుంది. డాక్టరుకే చూపించాలి, మచ్చ పోయినా చెప్పినన్ని రోజులు మందు పూయాలి.

వార్డెన్ మేడంగారికి ఒక మనవి. మా బట్టలు కిటికీ చువ్వలకే ఆరేస్తున్నాం, లోపలి బట్టలైతే సిగ్గుపడి పరుపు కిందే పెడుతున్నారు. మిద్దెమీద రెండు తీగలు కట్టిస్తే ఎండకు ఆరతాయి. ఆటల తర్వాత ఒక్కొక్కరికి ఒక బక్కెట నీళ్ళు, బోరు రాని రోజు అర బక్కెటైనా ఇప్పించండి. తీగలు కట్టడానికి తొమ్మిదో తరగతి వాళ్ళం వస్తాము.